మూడో కుప్ప

డిండోలి, సూరత్
14 జూన్ 2020

పూజ్యుడైన దశరథం మామకు నీరజ నమస్కరించి వ్రాస్తున్నది.

నువ్వు శ్రామిక్ రైలు దిగి సిరిసిల్ల చేరావనీ, బడి గదిలో పద్నాలుగు రోజులు గడిపి నీ బిడ్డ సుమన వదిన ఇంటికి వచ్చావనీ తెలిసి అందరం ఊపిరి పీల్చుకున్నాం. నిన్నటి వీడియో కాల్‌లో నేను పది నిమిషాలు మాట్లాడాను, నువ్వు పది నిమిషాలు తల ఊపావు. చివర్లో అమ్మ ఫోను లాక్కొని, “నీకేమన్న సమజైందారా తమ్ముడూ?” అని అడిగితే దానికీ తల ఊపావు. అందుకే ఉత్తరం వ్రాస్తున్నాను. ముప్పై ఏళ్ళు మగ్గాల మోతలో నిలబడ్డ చెవులతో ఫోను పోటీపడలేదు. షెడ్డులో మీరందరూ పెదవులు చూసి మాట్లాడుకునేవారు. ఇప్పుడు లోకమంతా మూతికి గుడ్డ కట్టుకుంది. నీకు అది ఎంత నిశ్శబ్దంగా ఉంటుందో ఊహించగలను.

ఈ అక్షరాలు నువ్వు నేర్పినవే. ఆదివారాలు నువ్వు బట్టలో తప్పులు పట్టే చెకింగు బల్ల మీద పాత గుడ్డ పరిచి సుద్దముక్కతో దిద్దించావు. గుజరాతీ బడిలో చదివిన నా చేతికి తెలుగు ఇంత గుండ్రంగా వచ్చిందంటే ఆ బల్ల వల్లే.

రైలెక్కే ముందు నువ్వు అడిగిన ప్రశ్నకు ఆ తొక్కిసలాటలో జవాబు చెప్పలేకపోయాను. “కంప్యూటర్ల నువ్వేం నేస్తవ్ కోడలా?” అన్నావు. ఇప్పుడు చెబుతాను.

మన ఒంట్లోని ప్రతి కణం ఒక ఇల్లు. అందులో గదులున్నాయి. ఒక గదిలో వంశపు సమాచారం భద్రంగా ఉంటుంది, ఒక గదిలో శక్తి తయారవుతుంది, ఒక గదిలో చెత్త కరిగిపోతుంది. ప్రోటీన్లు ఆ ఇంట్లో పనివాళ్ళు. ఏ పనివాడు ఏ గదిలో ఉంటాడో తెలిస్తే అతని పని సగం తెలిసినట్టే. గది తప్పితే జబ్బు. సూక్ష్మదర్శినితో ఒక్కొక్క ప్రోటీను చిరునామా కనిపెట్టాలంటే నెలలు పడుతుంది. అయితే ప్రతి ప్రోటీనూ ఇరవై రకాల పూసలను వరుసగా గుచ్చిన దండ వంటిది. ఆ వరుసలోనే చిరునామా దాగి ఉంటుంది. చిరునామా తెలిసిన వేల దండలు చూపించి కంప్యూటరుకు నేర్పుతాం. తర్వాత అది చూడని దండను ఇచ్చి, ఇది ఏ గదికి పోతుందని అడుగుతాం. నా మూడేళ్ళ చదువు ఇదే.

మొన్న పరీక్ష పెట్టాను. నూటికి తొంభై నాలుగు సరిగ్గా చెప్పింది. మా గైడు శ్యాంసుందర్ సార్ ఎంతో సంతోషించారు. ఇప్పుడు ఈ కరోనా వైరస్ ప్రోటీన్లు మన కణంలో ఏయే గదుల్లో దూరుతాయో చెప్పించి వెంటనే పేపరు పంపుదామన్నారు. ఆయన మంచి మనిషి, మామా. ఏప్రిల్‌లో పోలీసులను బతిమాలుకొని, మోటారు సైకిలు మీద పిండి, పప్పు తెచ్చి మన గుమ్మంలో పెట్టి వెళ్ళారు.

బాపు పనిచేసే మగ్గాల షెడ్డు ఇంకా తెరవలేదు. అమ్మ మాస్కులు కుడుతున్నది. బమ్రోలిలో ఆ షెడ్డు పక్కన రాజమౌళి చాయ్ డబ్బా సగం షట్టరు ఎత్తాడు. బాపు పోతే, ఆయనతో పనిచేసే సోమలింగం కాక అన్నాడట, “గుడ్డి మాస్టర్ బిడ్డ కంటికి కనవడనివి చూస్తదంట.” బాపు నవ్వి ఊరుకున్నాడు. పదిహేడేళ్ళుగా ఆ పేరు విని నవ్వుతూనే ఉన్నాడు. నాకు మాత్రం నవ్వు రాదు.

నీ కోడలు
నీరజ


సిరిసిల్ల
9 జూలై 2020

చిరంజీవి కోడలు నీరజకు దశరథం మామ ఆశీస్సులు.

నీ ఉత్తరం ఇరవై రెండు రోజులకు చేరింది. మూడుసార్లు చదివాను. రెండోసారి సుమన కూడా పక్కన కూర్చుని విన్నది. “మా బావ బిడ్డకు ఇంత తెలివి యాడికెల్లి వచ్చింది?” అని నేనంటే, “మీ అక్క దగ్గరికెల్లి” అన్నది. పెదవులు కనిపించేలా మాస్కు కిందికి లాగి మరీ అన్నది.

నేను బాగున్నాను. ఇక్కడొక షెడ్డులో పూటపని దొరికింది. బట్ట చూడడమే. బల్ల ఉత్తరం వైపు కిటికీకి వేయించుకున్నాను, ఎండ నేరుగా పడకుండా.

గదులు, పనివాళ్ళు, దండలు, అన్నీ అర్థమయ్యాయి. తొంభై నాలుగు చాలా పెద్ద అంకె. ముప్పై ఏళ్ళలో నేను కూడా బట్టలో తప్పులు అంత పట్టి ఉండను. అందుకే ఒక్క మాట అడుగుతున్నాను. ముసలివాడి చాదస్తం అనుకోకు. నీ దండలను మా తాకాలు, అంటే బట్ట చుట్టలు, అనుకొని అడుగుతున్నాను.

నేర్పడానికి చూపిన తాకాలూ, పరీక్షకు పెట్టిన తాకాలూ వేరువేరు బీములవేనా?

బీము సంగతి నీకు తెలుసు గానీ, మరచిపోయి ఉంటావు. పడుగు నూలంతా ఒక పెద్ద రోలుకు చుట్టి మగ్గానికి ఎక్కిస్తాం. ఆ ఒక్క బీము నుంచి పది పన్నెండు తాకాల బట్ట దిగుతుంది. పడుగులో ఒక పోగు తప్పుగా ఉంటే, ఆ బీము బట్టంతా, మొదటి గజం నుంచి చివరి గజం దాకా, అదే చోట అదే గీత ఉంటుంది. కాబట్టి ఒక బీము తాకాలు ఎన్ని ఉన్నా చూసేవాడికి అది ఒక్క తాకాయే.

అంతకంటే నాకు తెలియదు. అక్కను మందులు మానవద్దని చెప్పు. బావను అడిగానని చెప్పు.

మామ
దశరథం


డిండోలి, సూరత్
18 ఆగస్టు 2020

మామకు,

నీ ప్రశ్న చదివినప్పుడు మొదట నాకు కష్టం కలిగింది. మూడేళ్ళు చదివినదాన్ని, ఈ మాత్రం చూసుకోనా అనుకున్నాను. నేర్పినవి వేరు, పరీక్షకు పెట్టినవి వేరు అని జవాబు వ్రాయడానికి కాగితం కూడా తీశాను. వ్రాస్తూ ఆగాను. వేరు అన్నానే గానీ, ఎంత వేరో ఎప్పుడూ కొలవలేదు.

కొలిచాను. మనిషిలో ఉన్న ప్రోటీనే ఎలుకలోనూ ఉంటుంది, కోతిలోనూ ఉంటుంది. పేర్లు వేరు, పూసల వరుస దాదాపు ఒకటే. పోయేదీ అదే గదికి. నేను నాలుగు వేల రెండు వందల దండలను కలగలిపి, అందులోంచి ఎనిమిది వందల నలభై పరీక్షకు తీశాను. మనిషిది నేర్పే కుప్పలో పడింది, ఎలుకది పరీక్ష కుప్పలో పడింది. ఎనిమిది వందల నలభైలో ఐదు వందల తొంభై ఆరింటికి నేర్పే కుప్పలో కవలలు ఉన్నాయి. కంప్యూటరు చిరునామా చదవడం నేర్చుకోలేదు, మామా. ముఖం గుర్తుపట్టడం నేర్చుకుంది.

ఒక కుటుంబపు దండలన్నీ ఒకే కుప్పలో ఉండేలా విడగొట్టి, మొదటి నుంచి మళ్ళీ నేర్పాను. తొమ్మిది రోజులు పట్టింది. నూటికి అరవై మూడు.

ఇంకొకటి కూడా. ఈ వైరస్ ప్రోటీన్ల వంటివి మా నేర్పే కుప్పలో ఒక్కటి కూడా లేవు. చూడని బీము అన్నమాట. వాటి గురించి మా యంత్రం తొంభై నాలుగు వంతుల ధీమాతో మాట్లాడితే అది అబద్ధం. ఎక్కడో ఒక ఆసుపత్రి ల్యాబులో ఎవరో ఆ జవాబును నమ్మి నాలుగు నెలల పని మొదలుపెడతారు.

సార్‌కు ఫోను చేసి చెప్పాను. ఆయన, “నీరజా, సబ్ ఐసే హీ కర్తే హై, అందరూ చేసేదే. నువ్వు చూపిన ఆ పేపర్లన్నీ ఇట్లాగే విడగొట్టాయి కదా” అన్నారు.

“అన్నీ అట్లా చేస్తే అన్నీ తప్పే సార్” అన్నాను.

“రివ్యూయర్ అడిగితే అప్పుడు జవాబిద్దాం. పహ్లే పేపర్ జానే దో, ముందు అది పోనీ. ఇది మామూలు సమయం కాదు.”

“మామూలు సమయం కాదు కాబట్టే అడుగుతున్నాను సార్.”

పది రోజుల్లో ఆలోచించుకొని రచయితల పత్రం మీద సంతకం పెట్టి పంపమన్నారు. గొంతు పెంచలేదు. పెంచి ఉంటే నాకు సులువయ్యేది.

ఇక నా ప్రశ్న. పుస్తకాలలో ఈ పొరపాటు గురించి ఉన్నది, నేను చదివి కూడా దాటిపోయాను. నువ్వు ఏ పుస్తకమూ చదవకుండా సరిగ్గా అక్కడే వేలు పెట్టావు. ఎట్లా తెలిసింది?

నీ కోడలు
నీరజ


సిరిసిల్ల
11 సెప్టెంబరు 2020

చి. నీరజకు మామ ఆశీస్సులు.

ఎట్లా తెలిసిందంటే, పాత అలవాటు. ముప్పై ఏళ్ళు బట్ట చూసినవాడికి అలాంటివి తోస్తాయి. పెద్ద సంగతేమీ లేదు.

అసలు సంగతి వ్రాస్తాను. సంతకం పెట్టు.

కోపం తెచ్చుకోకుండా పూర్తిగా చదువు. మీ సార్ చెడ్డవాడు కాదని నువ్వే అన్నావు. అందరూ అట్లాగే చేస్తున్నారని ఆయనే అంటున్నాడు. పేపరు మీద పెద్ద పేరు ఆయనది, బాధ్యత కూడా ఆయనదే అవుతుంది. నీకు డిగ్రీ చేతికి వచ్చాక నీ బల్ల దగ్గర నీకు నచ్చినట్టు చూసుకో. డిండోలిలో ఒక్క గదిలో, అమ్మ మిషను చప్పుడు మధ్య, ఇక్కడి దాకా వచ్చావు. మన మగ్గం కారీగర్ల పిల్లల్లో ఇంత దూరం వచ్చినవాళ్ళు నాకు తెలిసి లేరు. ఒక అంకె కోసం దాన్ని పోగొట్టుకోకు.

లోకం తీరు చెబుతున్నాను, బిడ్డా. నిజం చెప్పినవాడి పేరు ఎవరికీ గుర్తుండదు. పని పోయినవాడికి పెట్టిన పేరు మాత్రం అందరికీ గుర్తుంటుంది.

ఇక్కడ పక్కింటి లక్ష్మీరాజంకు జ్వరం వచ్చి కరీంనగర్ తీసుకుపోయారు. మీరు జాగ్రత్త.

దశరథం


డిండోలి, సూరత్
2 నవంబరు 2020

మామకు,

సంతకం పెట్టలేదు.

నీ ఉత్తరం అందేనాటికే గడువు దాటింది. ముందే అంది ఉన్నా పెట్టేదాన్ని కాదు. ఏది జరిగిందో వరుసగా చెబుతాను. పత్రం వెనక్కి పంపి, అరవై మూడు వేస్తే పెడతానని ఒక వాక్యం వ్రాశాను. రెండు రోజులకు కాలేజీ సర్వరులో నా లాగిన్ ఆగిపోయింది. ఫెలోషిప్పు పొడిగింపు కాగితం సార్ బల్ల మీదే ఉండిపోయింది. తర్వాత నా పేరు తీసేసి పేపరు పంపారని తెలిసింది. ఫోను చేస్తే ఆయనే ఎత్తి, బాధపడుతూనే, “నీ మొండితనం నీకే నష్టం బేటా. నీకింక గైడుగా ఉండలేనని వ్రాసి ఇస్తున్నాను” అన్నారు. నష్టం నిజమే. మార్చిలో జరిగే కమిటీ ముందు నిలబడి, గైడు లేకుండా ఎందుకు చదువు కొనసాగించాలో చెప్పుకోవాలి. వాళ్ళు ఒప్పుకోకపోతే ఈ మూడేళ్ళూ లేనట్టే.

సర్వరు పోయింది గానీ లెక్క పోలేదు. నా పాత ల్యాప్‌టాప్ మీద మళ్ళీ మొదలుపెట్టాను. సర్వరులో గంటలో అయ్యేది ఇందులో రెండు రోజులు పడుతుంది. వేడెక్కితే అమ్మ తడిగుడ్డ పరిచిన పళ్ళెం మీద పెడుతున్నది. “దీనికి గూడ జొరమేనా?” అంటున్నది.

ఒక్క అంకె అన్నావు. నువ్వు అట్లా అంటావనుకోలేదు. గీత ఉన్న తాకాను పాసు చేయమని ఎవరైనా అంటే నువ్వు బల్ల వదిలి లేచిపోయేవాడివని నాకు చిన్నప్పటి నుంచి నమ్మకం. ఆ నమ్మకంతోనే ఆ వాక్యం వ్రాశాను. మరి ఆ మనిషి సంతకం పెట్టమని ఎందుకన్నాడు? నెల రోజులుగా ఈ ప్రశ్నే నా వెంట తిరుగుతున్నది.

దీపావళి వస్తున్నదని మగ్గాలు తెరిచారు. బాపు మళ్ళీ పన్నెండు గంటల షిఫ్టుకు పోతున్నాడు. మొన్న అన్నం తింటూ అమ్మతో నీ బీము ప్రశ్న గురించి చెప్పాను. బాపు ముద్ద మధ్యలో ఆగాడు. పళ్ళెం పక్కకు జరిపాడు. ఆయన లేచి వెళ్ళాక అమ్మ చెప్పింది. “మీ బాపుకు చెకింగు నేర్పింది మీ మామనే. కిటికి పక్కన బల్ల మీద. పదిహేను రోజులు నేర్పిండు. పరీక్షల అన్ని పట్టిండట. షెడ్డు సేఠ్ శాబాష్ అన్నడట. మళ్ల ఏమైందో, నెల తిరగకుంటనే కండ్లు కనవడయని తీసేసిండ్రు.”

బాపు కళ్ళు నేను పరీక్ష చేయించాను, మామా. మూడేళ్ళ కింద, అద్దాల కోసం. దగ్గరి చూపుకు వయసు అద్దాలు తప్ప ఆ కళ్ళలో ఏ లోపమూ లేదన్నాడు డాక్టరు. ఆ రోజు నాకు ఏమీ తోచలేదు.

కాబట్టి నీ ప్రశ్ననే నీకు తిప్పి పంపుతున్నాను. బాపుకు నేర్పిన తాకాలూ, పరీక్షకు పెట్టిన తాకాలూ వేరువేరు బీములవేనా?

నీరజ


సిరిసిల్ల
6 జనవరి 2021

చి. నీరజకు,

రెండు నెలలు ఆలస్యమైంది. మధ్యలో నాకు కూడా కరోనా వచ్చి పోయింది. పన్నెండు రోజులు పడుకున్నాను. సుమన మీకు చెప్పలేదు, నేనే వద్దన్నాను. ఆ పన్నెండు రోజులూ తల దగ్గర నీ ఉత్తరం ఉన్నది. ఇది చెప్పకుండా పోతానేమోనని తప్ప మరో భయం కలగలేదు.

కావు. ఒకే బీము. పదకొండో నంబరు మగ్గానిది.

2003లో సేఠ్ ఇంకొక చెకర్ కావాలని, పదిహేను రోజుల్లో తయారు చేయమని నాకు చెప్పాడు. బావను పెట్టుకుందామని నేనే అన్నాను. పగటి పని, కూర్చుని చేసే పని. పదకొండో మగ్గం నా బల్ల పక్కనే, కిటికీ దగ్గర ఉండేది. దాని బట్ట చేతికి అందేది కాబట్టి అదే తీసి నేర్పాను. ఎడమ అంచు నుంచి నాలుగు వేళ్ళ దూరంలో పడుగులో ఒక పోగు తప్పు. ఆరు తాకాలు చూపించి నేర్పాను. అదే బీము మిగతా ఆరు తాకాలతో పరీక్ష పెట్టాను. బావ ఆరింటిలోనూ పట్టాడు. పట్టడా మరి? ఆయన కన్ను ఆ నాలుగు వేళ్ళ దగ్గరికే వెళ్ళడం నేర్చుకుంది.

తర్వాత మిగతా మగ్గాల బట్ట వచ్చింది. వాటి తప్పులు వేరే చోట ఉన్నాయి, కొన్ని పేకలో ఉన్నాయి. నలభై తాకాలు బావ చేతి మీదుగా పాసై, రంగు వేయడానికి పల్సానా మిల్లుకు పోయాయి. తెల్ల బట్ట మీద కనబడనిది రంగులో పైకి తేలుతుంది. ఆ నలభై తాకాలూ చారలు చారలుగా తిరిగి వచ్చాయి.

సేఠ్ నన్ను పిలిచి, “నేర్పింది నువ్వే కదా?” అన్నాడు. నేను ఏమన్నానో అక్షరం తప్పకుండా వ్రాస్తాను. “నేర్పినప్పుడు మంచిగనే పట్టిండు సేఠ్. కండ్లల్ల ఏదో తేడా ఉన్నట్టుంది” అన్నాను.

ఆ పేరు సోమలింగం పెట్టింది కాదు, నీరజా. నేను పెట్టింది.

ఆ సాయంత్రమే, పక్కన పడేసి ఉన్న పదకొండో మగ్గం తాకాలు పన్నెండూ పక్కపక్కన పరిచి చూశాను. పన్నెండింటిలోనూ ఒకే గీత, ఒకే చోట. పొరపాటు నాదని అప్పుడే తెలిసింది. మీ అత్త పద్మారాణి ఆసుపత్రిలో ఉన్న రోజులవి. పని పోతే ఎట్లా అనుకున్నాను. ఆమె బాగైనాక చెబుదామనుకున్నాను. ఆమె బాగు కాలేదు, నేను చెప్పలేదు. ఏళ్ళు గడిచేకొద్దీ చెప్పడానికి నోరు రాలేదు. నీకు సంతకం పెట్టమన్నది నా బుద్ధి కాదు, నా భయం.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఇది నన్ను అన్నిటికంటే ఎక్కువ కోస్తుంది. మంచి చెకర్ బల్ల దగ్గర మూడు కుప్పలు ఉండాలి. పాసు, ఫెయిలు, సందేహం. సందేహం ఉన్న తాకాను సుద్ద గీసి మూడో కుప్పలో వేస్తే, తర్వాత ఇద్దరు కలిసి చూస్తారు. మా సేఠ్‌కు అది నచ్చేది కాదు. “పాసా, ఫెయిలా, దో హీ బోలో” అనేవాడు. బావ మూడో రోజే ఒక తాకా పట్టుకొని నా దగ్గరికి వచ్చి, “బామ్మర్దీ, ఇది నాకు సమజైతలేదు, పక్కకు పెట్టాల్నా?” అన్నాడు. “పక్కకు పెట్టుడు లేదు బావా, రెండే” అన్నాను. తెలియదని చెప్పగలిగిన ఒక్క మనిషిని గుడ్డివాణ్ణి చేశాను.

దీనితో ఇంకొక కాగితం పంపుతున్నాను. జరిగినదంతా అందులో నా పేరుతో, సంతకంతో ఉన్నది. ముందు బావకు చదివి వినిపించు. తర్వాత ఆయన ఇష్టం. చించేసినా సరే, నడి బజారులో చదివించినా సరే.

నీ కమిటీ ముందు తలవంచకు. నేను చెప్పిన పాత మాటను కొట్టివేస్తున్నాను.

దశరథం


డిండోలి, సూరత్
21 మార్చి 2021

మామకు నీరజ నమస్కరించి వ్రాస్తున్నది.

కోపం వచ్చింది. దాచను. నాలుగు రోజులు నీ ఉత్తరాన్ని మళ్ళీ తెరవలేదు. ఐదో రోజు తెరిచి, మూడో కుప్ప దగ్గర ఆగిపోయాను.

మా యంత్రానికి కూడా మూడో కుప్ప లేదు. ఏ దండ ఇచ్చినా ఏదో ఒక గది పేరు చెప్పి తీరాలి. అట్లా కట్టింది నేనే. దాన్ని విప్పి, నమ్మకం ఒక హద్దు కంటే తగ్గినప్పుడు “తెలియదు” అని చెప్పడానికి వీలు కల్పించాను. నేర్పే కుప్పలోని వాటికి ఏ పోలికా లేని దండ వస్తే ఇది నేను చూసిన బీము కాదని గుర్తించేలా చేశాను. పడుతూ లేస్తూ ఏడు వారాలు పట్టింది. ఇప్పుడది సగానికి సగం ప్రశ్నలకు జవాబు చెప్పదు. చెప్పిన వాటిలో నూటికి ఎనభై ఎనిమిది సరైనవి. ఈ ఎనభై ఎనిమిది కవలలు లేని పరీక్షది.

కమిటీ ఈ పన్నెండున ఆన్‌లైన్‌లో కూర్చుంది. శ్యాంసుందర్ సార్ కూడా ఉన్నారు. ఆయన పేపరు అచ్చయింది, తొంభై నాలుగుతోనే. నేను రెండు అంకెలూ పక్కపక్కన చూపించి, మొదటిది ఎందుకు తప్పో చెప్పాను. ఆ తప్పు చేసింది నేనేనని కూడా చెప్పాను. తర్వాత వైరస్ ప్రోటీన్ల పట్టిక పెట్టాను. ఇరవై తొమ్మిదింటిలో తొమ్మిదింటికి గది పేరు, ఇరవైకి “తెలియదు”.

బయటి నుంచి వచ్చిన పరీక్షకుడొకాయన నవ్వారు. “అమ్మా, ఇరవై తెలియదని చెప్పడానికి ఇంత కష్టపడ్డావా?” అన్నారు.

“అవును సార్. తెలియని చోట తెలుసని చెప్పడానికైతే ఇంత కష్టం అక్కరలేదు” అన్నాను.

సార్ తమ కెమెరా ఆపేశారు. గంట తర్వాత నిర్ణయం చెప్పారు. ఆరు నెలల గడువు, కొత్త గైడును నేనే వెతుక్కోవాలి, ఆ కాలానికి ఫెలోషిప్పు ఉండదు. పక్క విభాగంలోని విజయరాణి మేడమ్ నిన్న పిలిచి, “ఆ ఇరవైలో కొన్నింటిని సూక్ష్మదర్శిని కింద చూద్దామా?” అన్నారు. చూద్దామన్నాను. నా లెక్క అంతా, నా పేరుతో, ఎవరైనా తీసుకొని సరిచూసుకునేలా బయట పెట్టాను. సార్ పేపరు అచ్చువేసిన పత్రికకు కూడా పంపాను. జవాబు రాలేదు. మళ్ళీ పంపుతాను.

ఇక బాపు సంగతి.

ఇన్నాళ్ళూ ధైర్యం చాలక దాచిన నీ కాగితాన్ని కమిటీ అయిన మరునాడు చదివి వినిపించాను. అమ్మ మిషను ఆపింది. నేను చదివినంతసేపూ బాపు గోడకు ఆనుకొని తన చేతులు చూసుకున్నాడు. అయిపోయాక ఒక్కటే అడిగాడు.

“ఏ మగ్గం?”

“పదకొండు.”

“కిటికి పక్కది” అన్నాడు. కాగితం నా చేతిలోంచి తీసుకొని, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో వేసుకొని షిఫ్టుకు పోయాడు. అమ్మ మాత్రం నిన్ను తిట్టింది. చాలాసేపు తిట్టింది. అవి వ్రాయను.

మరునాడు పొద్దున బాపుకు టిఫిను డబ్బా ఇవ్వడానికి బమ్రోలి పోయాను. రాజమౌళి డబ్బా దగ్గర పది మంది ఉన్నారు. సోమలింగం కాక ఎప్పటిలాగే, “రా గుడ్డి మాస్టర్, చాయ్ తాగు” అన్నాడు. బాపు నవ్వలేదు. జేబులోంచి కాగితం తీసి ఆయన చేతిలో పెట్టాడు.

“సదువు.”

“ఏందిది?”

“సదువు సోమలింగం. మగ్గాల మోతల గూడ ఇనవడేటట్టు సదువు.”

ఆయన మాస్కు తీసి చదివాడు. సగానికి వచ్చేసరికి గొంతు తగ్గింది. “గట్టిగ” అన్నాడు బాపు. చివరి దాకా చదివించాడు, నీ సంతకంతో సహా. రాజమౌళి గరిటె పట్టుకొని నిలబడ్డాడు. పాలు పొంగాయి, ఎవరూ చూడలేదు.

బాపు కాగితం తిరిగి తీసుకొని, “నా కండ్లు మంచిగున్నయ్. పదిహేడేండ్ల కింద గూడ మంచిగనే ఉండె. నా పేరు పరుశురాం” అన్నాడు. చాయ్ తాగకుండా లోపలికి పోయాడు. ఆ రోజు నుంచి అక్కడ ఎవరూ ఆ పేరుతో పిలవలేదు. ఒకడు అలవాటులో నోరు తెరిచి, మళ్ళీ మూసుకున్నాడట.

మామకు ఏమని వ్రాయమంటావని రాత్రి అడిగాను. క్షమించాడేమో, లేదేమో, నాకు తెలియదు. ఊహించి వ్రాయను. ఆయన అన్న మాట అన్నట్టే వ్రాస్తున్నాను.

“రమ్మను. ఉత్తరాలల్ల గాదు. నా ముంగట నిలవడి, నా మూతి జూసుకుంట ఇనాలె.”

నీ కోడలు
నీరజ


సిరిసిల్ల
1 ఏప్రిల్ 2021

చి. నీరజకు,

వస్తున్నాను. తొమ్మిదో తేదీ బండికి టికెట్టు తీసుకున్నాను. సూరత్‌లో మళ్ళీ కేసులు పెరుగుతున్నాయని సుమన వద్దంటున్నది. ఆగితే మళ్ళీ పదిహేడేళ్ళు ఆగుతానని చెప్పాను.

రాగానే ఇంట్లోకి రాను. రైలు మనిషిని, మీకు ప్రమాదం. మీ సందు ఎదుటి గోడ దగ్గర నిలబడతాను. నా మాస్కు నేను తీయను. బావను గుమ్మంలో నిలబడి తన మాస్కు తీయమను. మధ్యన ఆరడుగులు ఉంచమను.

పొద్దున ఎనిమిదింటికి మీ గుమ్మం మీద ఎండ ఏటవాలుగా పడుతుంది, నాకు గుర్తున్నది. ఆ వేళకే వస్తాను. వెలుతురు ఆయన ముఖం మీద పడాలి. ఈసారి ఒక్క మాట కూడా నా కంటిని దాటిపోకూడదు.

దశరథం